చీకటి గదికి ఇచ్చిన జవాబు

ఎనభైల చివర్లో ఫిల్మ్‌నగర్‌లోని ఒక ల్యాబులో ఇంజనీరుగా చేరాను. షూటింగుల్లో తీసిన నెగెటివ్‌లు కడగడానికి మా దగ్గరికి వచ్చేవి. ఫిల్ము ఒక తొట్టి తర్వాత మరో తొట్టిలో మునుగుతూ సాగేది. మొదటిది డెవలపర్ తొట్టి, చీకటి గదిలో ఉండేది. దాని వేడి చూసుకునేది టోలిచౌకి నుంచి సైకిల్ మీద వచ్చే ఒక పెద్దాయన. అందులోకి కొత్త మందు ఎంత పారాలో చూసేది నేను, గోడకు ఇవతల, లైటు వెలుతురులో.

వేడి పెరిగినా మందు ఎక్కువైనా నెగెటివ్ నల్లబడుతుంది. తగ్గితే పలచబడుతుంది. మేమిద్దరం ఒకే తేడాను చెరోవైపు నుంచి సవరిస్తే కొంప మునిగినట్టే. అందుకే అక్కడ ఒక పద్ధతి ఉండేది. ఏది తిప్పాలన్నా ముందు గోడ మీద రెండుసార్లు కొట్టాలి. అవతలి మనిషి తనవైపు ఏమీ కదపకపోతేనే తిరిగి కొట్టాలి. ఆ జవాబు వినేదాకా చెయ్యి పెట్టకూడదు.

ఎమ్‌టెక్ చదివి గోడలు కొట్టడమేమిటని నాకు నామోషీ. నా దగ్గర గ్రాఫు కాగితం ఉంది. ఇప్పుడు మందు కుళాయి ఇంత తిప్పితే రెండు గంటల తర్వాత తొట్టి ఎలా ఉంటుందో లెక్క కట్టి గీత గీసేవాణ్ని. ఆ గీతను చూసుకుని మురిసిపోయేవాణ్ని కూడా.

ఒక రోజు పొద్దున పరీక్ష కోసం కడిగిన ఫిల్ము ముక్క కాస్త నల్లగా వచ్చింది. మధ్యాహ్నానికి ఇంకా నల్లబడుతుందని నా లెక్క చెప్పింది. గోడ కొట్టకుండానే కుళాయి తగ్గించాను. కాసేపటికి అవతల నుంచి రెండు దెబ్బలు వినిపించాయి. గీత గీస్తూ, తల ఎత్తకుండా, పెన్సిలు వెనక్కి తిప్పి జవాబు కొట్టాను. దాని అర్థం తెలియక కాదు. విసుగుతో కొట్టాను.

ఆయన వేడి తగ్గించాడు. నా లెక్కా తప్పు కాదు, ఆయన చెయ్యీ తప్పు కాదు. ఆ మధ్యాహ్నం కడిగిన రీలు మాత్రం దేనికీ పనికిరానంత పలచగా వచ్చింది. జూబ్లీహిల్స్ రాళ్ల మీద ఇంటి సెట్టు వేసి, దాన్ని తగలబెట్టి తీసిన సీను అది. మళ్లీ తీద్దామంటే అక్కడ బూడిద తప్ప ఏమీ లేదు.

మేనేజరు మా ఇద్దర్నీ పిలిచాడు. వేడి ఎవరు తగ్గించారని అడిగాడు.

"నేనే సార్. గోడ కొట్టిన, జవాబు వచ్చింది. గప్పుడే తగ్గించిన," అన్నాడు పెద్దాయన.

"మీరేమైనా తిప్పారా?" అని మేనేజరు నావైపు చూశాడు.

"లేదండీ," అన్నాను.

భయంతో అన్నానని చెప్పుకోవచ్చు. అసలు సంగతి, పదో తరగతి దాటని మనిషి ముందు నా గీత తప్పు కావడం నాకు ఇష్టం లేదు. పెద్దాయన నన్నొకసారి చూశాడు. ల్యాబు తెరిచిన నాటి నుంచి ఉన్న మనిషిని ఆ సాయంత్రమే పనిలోంచి తీసేశారు.

పోయే ముందు టిఫిను క్యారియరు పట్టుకుని నా గదికి వచ్చాడు.

"వేడి ఒక గీత కిందికే ఉంది సార్. రేపు వచ్చే కొత్తాయనకు చెప్పుండ్రి. మీ దిక్కు నల్లా ఎంత తిప్పిండ్రో గా సంగతి గూడ చెప్పుండ్రి. లేకుంటే గాయన నౌకరీ గూడ పోతది."

సరేనని తలూపాను.

మర్నాడు కొత్తాయన వచ్చాడు. వేడి సంగతి చెప్పాను. కుళాయిని మాత్రం ఆయన రాకముందే పాత గుర్తు దగ్గరికి తిప్పేసి ఉంచాను.