యోసేపు డప్పు కాగేంతసేపు

ఆ రోజు వయొలిన్లు శ్రుతి చేసుకోవడానికి ఇరవై రెండు నిమిషాలు పట్టింది. గోడ గడియారం కిందనే కూర్చున్నాను కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలను. ఆ ఇరవై రెండు నిమిషాలూ గదిలో ఉన్న నలభై మందిలో ఒక్కరూ విసుక్కోలేదు. మా మానవపాడు యోసేపు డప్పు కాచుకోవడానికి ఐదు నిమిషాలు అడిగితే మాత్రం టైమ్ వేస్ట్ అన్నారు. ఇన్నేళ్లు గడిచినా ఆ మాట నాకు మింగుడుపడలేదు.

యోసేపు మా బడిలో మధ్యాహ్న భోజనం వండే పుష్పమ్మ భర్త. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. మాట తక్కువ. విత్తన పత్తి చేలల్లో కూలికి పోయేవాడు. పెళ్లయినా, చావైనా, జాతరైనా, క్రిస్మస్‌కు చర్చిలోనైనా మా ఊళ్లో డప్పు అతనిదే. అది కొన్న డప్పు కాదు, చేసుకున్న డప్పు. వేపచెక్క ముక్కలు గుండ్రంగా కూర్చి, మేకతోలు నానబెట్టి, చింతగింజల జిగురుతో అంటించి, నీడలో ఆరబెట్టి చేసుకున్నాడు. వాకిట్లో ఆ పని చేస్తుంటే చూసి ఒకసారి అన్నాను, బజార్లో ప్లాస్టిక్‌వి దొరుకుతున్నాయట కదా, ఈ అవస్థ ఎందుకని.

“దొర్కుతయ్ టీచరమ్మా. అవి ఎండకు ఏమనవు, వానకు ఏమనవు. ఏమననిదాంతోటి నేనేం మాట్లాడుత?” అన్నాడు.

తోలు డప్పుకు చలీ తేమా పడవు. తోలు వదులై గొంతు పోతుంది. గడ్డి మంట వేసి సెగకు తిప్పుతూ కాస్తే బిగుసుకుని మళ్లీ పలుకుతుంది. మా పాలమూరులో ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు.

2007లో మా ఊరి పెళ్లి ఊరేగింపులో యోసేపు డప్పు విన్నాడు శ్రవణ్ కుమార్. వనపర్తి పిల్లవాడు. హైదరాబాదులో ఒక కంపెనీ తయారు చేస్తున్న కంప్యూటర్ ఆటకు సంగీతం కడుతున్నాడు. తెర మీద పిల్లలు మీటలు నొక్కి ఆడుకునే యుద్ధం ఆట అది. ఒక చిన్న కోట, దాన్ని ముట్టడించే సైన్యం. సంగీతమంతా యంత్రంలోంచి కాక మనుషులు కూర్చుని వాయించినదే ఉండాలని అతని పట్టుదల. శత్రువులు వస్తున్నారని ఊరిని లేపే చోట యోసేపు డప్పే కావాలన్నాడు. పిల్లవాడి కోరిక మంచిదే, నేను కాదనను.

పట్నంలో కాగితాల మీద సంతకాలు పెట్టాలట, నువ్వు కూడా రా టీచరమ్మా అని పుష్పమ్మ అడిగింది. ఆగస్టు నెల, ముసురు. ముగ్గురం పొద్దున్నే కర్నూలు నుంచి వచ్చే బస్సెక్కాం. యోసేపు ఒక గోనెసంచి నిండా వరిగడ్డి కుక్కి తెచ్చుకున్నాడు.

“పట్నంల గడ్డి దొర్కదా ఏందయ్యా?” అంది పుష్పమ్మ.

“పట్నంల బర్లు గూడ కాయితాలే తింటయంట. ఎవన్నడుగుదు?” అన్నాడు యోసేపు.

స్టూడియో ఒక పెద్ద బంగళా. ముందు కార్లు పెట్టుకునే జాగా, దాని పక్కన స్కూటర్లకు రేకుల షెడ్డు. వాచ్‌మన్‌ను బతిమాలి ఆ షెడ్డు కింద మంట వేశాడు యోసేపు. డప్పు కాచి, వేలితో కొట్టి చూసుకుని లోపలికి నడిచాడు. లోపల ఏసీ చలి గడగడలాడించింది. ముప్ఫైమంది వయొలిన్లవాళ్లు, పెద్ద వీణలంత వాద్యాలను కాళ్ల మధ్య పెట్టుకున్నవాళ్లు, పిల్లనగ్రోవులవాళ్లు. అందరికీ ముందు ఎత్తుపీట మీద, వాళ్లను నడిపించే రాఘవన్ గారు. అద్దాల అవతల శ్రవణ్, రికార్డింగ్ ఇంజనీరు. పుష్పమ్మనూ నన్నూ ఒక మూల కూర్చోబెట్టి చప్పుడు చేయవద్దన్నారు.

అప్పుడు మొదలైంది ఆ ఇరవై రెండు నిమిషాల శ్రుతి. ఒకాయన తీగ బిగిస్తాడు, కాదని వదులు చేస్తాడు, పక్కాయన్ను వినమంటాడు. రాఘవన్ గారు కళ్లు మూసుకుని ఆలకిస్తారు, “మూడో వరుస, ఇంకొంచెం” అంటారు. యోసేపు ఒక పక్కన నిలబడి డప్పును గుండెకు ఆనించుకుని ఉన్నాడు. చలికి కాపాడుకుంటున్నాడని అప్పుడు నాకు తట్టలేదు.

అందరూ కలిసి ఎత్తుకున్నారు. ఎంత బాగుందో! సరిగ్గా తన చోటు రాగానే యోసేపు దెబ్బ వేశాడు. బొద్దుమని ఒక చచ్చు చప్పుడు. రాఘవన్ గారు చేయి పైకెత్తి ఆపేశారు.

“ఏమిటది? తడిగుడ్డ మీద కొట్టినట్టుంది” అని ఇంజనీరు గొంతు స్పీకర్లోంచి వినిపించింది. వెనక వరుసలో ఎవరో నవ్వారు.

“సలికి దిగింది సారూ. జర కాచుకొస్త, ఐదు నిమిషాలు” అన్నాడు యోసేపు.

“ఇంతమందిని కూర్చోబెట్టి మంట కోసం ఆగమంటావా? టైమ్ వేస్ట్” అన్నారు రాఘవన్ గారు. శ్రవణ్ పరుగెత్తుకొచ్చి బతిమాలితే ఆ ఒక్కసారికి ఒప్పుకున్నారు. యోసేపు కాచుకొచ్చాడు. మళ్లీ ఎత్తుకున్నారు. ఈసారి పిల్లనగ్రోవి ఒకటి తప్పింది. మళ్లీ. ఈసారి కాగితం పేజీ అతుక్కుపోయి ఒక వయొలిన్ తప్పింది. వాళ్లు తప్పిన ప్రతిసారీ చలి యోసేపు తోలును కొరుక్కుతింటూనే ఉంది. మూడోసారికి డప్పు గొంతు పోయింది. అందరూ అతని వైపే చూశారు, తప్పు అతనొక్కడిదే అయినట్టు.

అద్దాల వెనక ఏదో మంతనం జరిగింది. ఇంజనీరు బయటికొచ్చి ఉపాయం చెప్పాడు. స్కూటర్ల షెడ్డు దాకా వైరు లాగుతారట. అక్కడ మైకు పెడతారట. యోసేపు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మంట పక్కనే నిలబడి, లోపలి సంగీతం వింటూ బయటినుంచి కొట్టాలట.

“మీకూ సుఖమే కదా” అన్నాడు నవ్వుతూ.

యోసేపు నవ్వలేదు. “నేను బైటకెల్లి కొట్టను” అన్నాడు.

“యోసేపన్నా, జర అర్థం చేసుకో. మంట కోసమే గని ఇంకేం లేదే” అన్నాడు శ్రవణ్.

“మంట కోసమైతే మంట కాడికి పోతనే ఉంట. కొట్టుడు మాత్రం ఈడనే కొడ్త.”

“ఎక్కడ్నుంచి కొట్టినా టేపు మీద ఒకటే అన్నా.”

“నీకు ఒకటే బిడ్డా. మా నాయిన ఏ పెండ్లికి పోయినా పందిరి బైటనే నిలవడ్డడు. వాన కొట్టినా బైటనే. లోపల అన్నం తినుకుంట ‘ఏందిరా, సప్పుడు సన్నగ ఇనొస్తుంది’ అనెటోళ్లు. నేను కొట్టుడు నేర్సింది గూడ బైటనే. నువ్వు మా ఊరి దాంక వచ్చి పిలిస్తివి, అందరితోటి కల్సి కొట్టుడే అంటివి. గిప్పుడు వైరు కట్టి బైటకు తోలుతనంటున్నవ్.”

గదిలో చాలామంది తల వంచి తమ వాద్యాలు చూసుకున్నారు. శ్రవణ్ నా వైపు తిరిగాడు. నేను సర్దిచెప్తానని అతని ఆశ. సిగ్గుతో రాస్తున్నాను, ఆ ప్రయత్నం చేశాను కూడా.

“ఒక్కరోజే కదా యోసేపూ, పోనీలే” అన్నాను.

“సదువుకున్నదానివి, నువ్వు చెప్తే ఇంటననుకున్నవా టీచరమ్మా?” అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అంటేనే బాగుండేది.

తర్వాత అతను డప్పు పట్టుకుని బయటికి నడిచాడు. ఒప్పుకున్నాడనుకున్నారు అందరూ. ఇంజనీరు వైరు చుట్ట విప్పుకుంటూ వెనకే పోయాడు. మేమూ పోయాం. షెడ్డు కింద మైకు నిలబెట్టారు. పుష్పమ్మ సంచిలోంచి గడ్డి తీసి మంట ఎగదోసింది. యోసేపు తొందరపడకుండా డప్పును సెగ మీద గుండ్రంగా తిప్పాడు, అంచు దగ్గర ఒకసారి, నడుమ ఒకసారి. వేలితో మీటాడు. ఖంగుమంది. చేతికిచ్చిన హెడ్‌ఫోన్లను ఒక స్కూటరు సీటు మీద పెట్టాడు. కాళ్ల కింది వైరు దాటి గబగబా లోపలికి నడిచాడు.

మేం వెళ్లేసరికి వయొలిన్ల పక్కన తన చోట నిలబడి ఉన్నాడు.

“ఎత్తుకోండ్రి సారూ. సల్లగైతది” అన్నాడు రాఘవన్ గారితో.

రాఘవన్ గారి మొహం ఎర్రబడింది. శ్రవణ్ వైపు చూశారు. శ్రవణ్ అద్దాల వెనక్కి పోయాడు. రికార్డింగ్ ఎర్రదీపం వెలిగింది. ఇక ఆయన చేయి ఎత్తక తప్పలేదు.

ఆ తర్వాతి మూడు నిమిషాలను వర్ణించడం నాకు చేతకాదు. వయొలిన్లు అలా అలా పాకుతూ వస్తుంటే నడుమ డప్పు పడింది. నా కుర్చీ అదిరింది. వెనక వరుసలో ఇందాక నవ్విన మనిషి విల్లు లాగుతూనే తల తిప్పి యోసేపు చేతుల్ని చూశాడు.

“బాగా వచ్చింది. ఇంకొక్కసారి” అంది స్పీకరు.

యోసేపు తోలు మీద వేలు పెట్టి చూశాడు. “కాచుకొస్త” అన్నాడు. ఈసారి ఎన్ని నిమిషాలో చెప్పలేదు, ఎవరినీ అడగలేదు. అతను తిరిగి వచ్చేదాకా నలభై మందీ కూర్చునే ఉన్నారు. సాయంత్రంలోపు ఇంకా నాలుగుసార్లు అలాగే పోయి వచ్చాడు, నాలుగుసార్లూ ఆగారు. ఏ మిన్నూ విరిగి మీద పడలేదు. ఆ ఆగడమేదో మొదట్లోనే ఆగి ఉంటే ఒక మనిషి నలభై మంది ముందు తన తండ్రి సంగతి విప్పుకోవలసిన పని ఉండేదా?

పని ముగిశాక ఎవరూ క్షమించమనలేదు. శ్రవణ్ మాత్రం యోసేపు చేతులు పట్టుకున్నాడు. గేటు దగ్గర ఇంజనీరు నన్ను ఆపి, “మీ మనిషి మహా మొండివాడండీ” అన్నాడు.

నేను మర్యాదగా నవ్వి ఊరుకున్నాను. షెడ్డు కింద బూడిద మీద నీళ్లు పోస్తున్న పుష్పమ్మ తల ఎత్తింది.

“మొండోడు గాకుంటే లోపలికెట్ల వస్తడు సారూ? మీరు రానిస్తిరా?”

ఆ మాట అనవలసింది నేను.