పదహారు మిల్లీమీటర్ల మోకు

ఆ రోజు ధారూర్ దగ్గరి ప్రాజెక్టులో అలలు తాటిచెట్టంత ఎత్తు లేచాయని ఊరంతా చెప్పాను. గాలి మా పడవను బండకేసి బట్ట బాదినట్టు బాదిందనీ, నేను పళ్లతో మోకు కొరికి బామ్మర్దిని బతికించాననీ చెప్పాను. అలలు మోకాలెత్తువి. నా పళ్లు పైవరుసంతా కట్టుడువే.

బామ్మర్ది రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. హైదరాబాద్‌లో ఎవరో అమ్మేస్తుంటే చిన్న తెరచాప పడవ కొన్నాడు. ఇద్దరు కాళ్లు ముడుచుకుని పడుకునేంత గది కూడా ఉంది అందులో. ఇక్కడ నేర్చుకుని, సముద్రం మీద నాలుగు రోజులు తిరగాలని వాడి ఆశ. ఆదివారం చర్చిలో డోలక్ వాయించడం వదిలితే వాడికున్న పిచ్చి అదొక్కటే.

పాత తాళ్లు ఎండకు పీచుపీచయ్యాయి. కొత్తవి తెమ్మని చీటీ రాసిచ్చాడు. తెరచాప పైకి లేపడానికి ఆరు మిల్లీమీటర్లు, గాలిని బట్టి దాన్ని బిగించి వదలడానికి ఎనిమిది, లంగరుకు పన్నెండు.

నేను ముప్పై ఏళ్లు తాండూరులో నాపరాయి లారీలకు మోకులు బిగించినవాణ్ని. చిటికెనవేలికంటే సన్నంగా ఉంటే మా దృష్టిలో అది తాడే కాదు, దారం. దుకాణంలో కొసను కాలికింద తొక్కి, రెండు చేతులా గుంజి, నడుం పట్టేస్తేనే తూకం వెయ్యమనేవాళ్లం. ఎనిమిది మిల్లీమీటర్ల తాడు చుట్ట చూస్తే నవ్వొచ్చింది. మూడింటికీ పదహారే తెచ్చాను.

"గిదేంది బావ? ఎనిమిది రాసిన గద?"

"తాండూరంత తిరిగిన, దొరకలే. రాళ్ల లారీనే ఆపుతది, నీ బట్టముక్కను ఆపదా?"

"ఆపుడు కాదు బావా, జారాలె. గిలకలకెళ్లి జర్రున జారాలె."

"జారుతది తియ్. మోకు సంగతి నాకు చెప్తవా?"

గిలకలో పట్టకపోతే దాని రెండు పక్కగోడలను ఆకురాయితో అరగదీశాను. పొడిగా ఉన్నంతసేపు బిర్రుగానైనా తిరిగింది.

నీళ్ల నడుమకు పోయాక, అనంతగిరి దిక్కు నుంచి గాలి ఒక్కసారిగా వచ్చి కొట్టింది. తెరచాప తుపాకీలా పేలింది. పడవ పక్కకు ఒరిగి నీళ్లు లోపలికి దూకాయి.

"ఇడువు బావా! మోకు ఇడువు!"

తెరచాప బిగించి పట్టుకున్న కొస వదిలాను. తడిసిన మోకు గిలకలో బిగుసుకుపోయింది. వాడు దాన్ని వేళ్లతో లోపలికి తోశాడు. ఇంకో దెబ్బ కొట్టింది గాలి. మోకు ఒక్క గుంజు గుంజి, వాడి కుడిచేతి రెండు వేళ్లను గిలకలోకి ఈడ్చుకుపోయి మళ్లీ ఇరుక్కుంది. ఎముక విరిగిన చప్పుడు ఆ గాలిలోనూ వినబడింది. తెల్లటి తెరచాప మీద నెత్తురు చిమ్మింది. వాడు అరిచిన అరుపు మనిషిది కాదు.

"కొయ్యి! కొయ్యి బావా!"

పడవలో ఉంచిన కత్తి అందుకున్నాను. సన్నతాడైతే రెండు కోతలకు తెగేది. నేను తెచ్చింది లారీ మోకాయె! భయంతో నరికాను. మొదటి వేటు వాడి మణికట్టు మీదే పడింది. వాడే ఎడమచేత్తో కత్తి లాక్కుని, పళ్లు కొరుకుతూ, ఒక్కొక్క పురీ తెగ్గోశాడు. నేను పడవ అడుగున కూలబడి దేవుడా అని కేకలేశాను. నా సాహసమంతా అదే.

వికారాబాద్ దవాఖానలో ఒక వేలు నిలబెట్టారు. చూపుడువేలు మాత్రం పైకణుపు దాకా పోయింది.

"డోలక్ వాయిస్తనా సార్?" ఒక్కటే అడిగాడు వాడు.

"కట్టు విప్పినంక చూద్దాం" అన్నాడు డాక్టరు.

అప్పటికే నేను వార్డులో నర్సులందరికీ పళ్లతో మోకు కొరికిన కథ చెప్పేశాను. ఆ ప్రశ్న విన్నాక మాత్రం వాడి మంచం పక్కన కూర్చున్నాను.

"ఎనిమిది దొరికింది రా. నేనే తేలే."

వాడు లేచి కూర్చుని, ఎడమచేత్తో ఈడ్చి కొట్టాడు. పైవరుస ఊడి మంచం కిందికి దొర్లింది.

"ఏరుకో. మోకు కొరికిన పళ్లు గద!"

మూడు నెలలకు చర్చిలో మళ్లీ డోలక్ ముందు కూర్చున్నాడు. వాయించాడు. కుడిపక్క అక్కడక్కడ ఒక దెబ్బ తప్పిపోతోంది. పాట అయ్యాక ఎవరో వేలు సంగతి అడిగారు.

"నన్నేం అడుగుతరు? బావనడుగుండ్రి."

అందరూ నా వైపు తిరిగారు. "అలలు తాటిచెట్టంత..." అని మొదలుపెట్టాను. డోలక్ మీద ఫెడీమని ఒక్క దెబ్బ పడింది. నోరు మూసుకుని, తాండూరు దుకాణం దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాను.