కొమ్మ తెగిన గిన్నె

నా చిన్నప్పుడు, మేము దేశం కాని దేశంలో, నేవన్ అనే ఊళ్లో ఉన్న రోజుల్లో, అమ్మ పోయిన ఏడాదంతా మా ఇంట్లో ముగ్గు పడలేదు. చావు జరిగిన ఇంట్లో ఏడాది దాకా పండగ చేయకూడదని నానమ్మ ఊరి నుంచి ఫోన్‌లో చెప్పింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఏడాది తిరిగి ఉగాది వచ్చేసరికి, అమ్మ వేసే మెలికల ముగ్గు నాకు పూర్తిగా గుర్తు లేదు. చుక్కలు పెట్టగలను, గీత తిప్పగలను. చివరి మూలకు వచ్చేసరికి మాత్రం గీత కలవదు.

బయట వేస్తే వాన ఉంచదు కనుక అమ్మ దాన్ని గుమ్మం లోపల ఒక చెక్క మీద వేసేది. పండగ అయ్యాక తుడిచేసేది. ఫోటో తీయాలని మాకెవరికీ తోచలేదు. అమ్మ ఉండగా అమ్మ ముగ్గును ఎవరు ఫోటో తీస్తారు?

నా ఏడుపు చూడలేక నాన్న ఇండియన్ షాపు నుంచి ముగ్గు స్టిక్కర్ తెచ్చి గుమ్మం ముందు అతికించాడు. "గిది వానకు పోదు బిడ్డా" అన్నాడు. నిజంగానే పోలేదు. ఎన్ని వానలు పడ్డా ఎర్రగా, మొండిగా అక్కడే ఉంది. చూస్తే నాకు ఒళ్లు మండేది. అమ్మ పోయింది, ఇది మాత్రం పోదట.

పక్కింట్లో ఒక జపాన్ అవ్వ ఉండేది. వెనక షెడ్డులో మట్టి గిన్నెలు చేసి, బొమ్మలు వేసి, బట్టీలో కాల్చేది. ఆ ఏడు ఆమె చేతులు వణకడం మొదలైంది. అది తగ్గే జబ్బు కాదని నాన్న ఎవరితోనో అంటుంటే విన్నాను. ఒక మధ్యాహ్నం నేను మెట్టు మీద కూర్చుని ఏడుస్తుంటే ఆమె షెడ్డులోకి పిలిచింది. సంగతంతా చెప్పాను. ఓదారుస్తుందనుకున్నాను.

ఆమె రెండు గిన్నెలు తీసి నా ముందు పెట్టింది. రెండూ ముతక బూడిద రంగువి, రెండింటి మీదా ఒకే పూలకొమ్మ. ఎప్పుడో పోయిన ఒక కుమ్మరి తీరులో వేసిన కొమ్మ అది. ఒక గిన్నె వాళ్ల నాన్న చేసింది. దాని మీద కొమ్మ మధ్యలో తెగి ఉంది. ఆ కుమ్మరి చేసిన అసలు గిన్నె పగిలిపోయాక, ఆ చోట కొమ్మ ఎలా వంగేదో ఆయనకు గుర్తు రాలేదట. రెండోది ఆమె చేసింది. ఆ చోట తనకు తోచినట్టు కొమ్మను వంచి కలిపింది. అసలుది ఎలా ఉండేదని అడిగాను. ఇక ఎవరికీ తెలియదు అంది, వాన వస్తోంది అన్నంత మామూలుగా. తర్వాత గిన్నెలు బోర్లించింది. అడుగున ఎవరి పేరు వాళ్లు ముద్ర వేసుకున్నారు. "కొమ్మ పాతవాళ్లది, చెయ్యి నాది. అది దాస్తే మోసం" అంది ఇంగ్లీషులో.

ఆ సాయంత్రం చెక్క తీసి ముగ్గు వేశాను. చివరి మూలలో నాకు తోచిన మెలిక తిప్పి గీత కలిపాను. నాన్న వంగి చూశాడు. "మీ అమ్మ గిట్లనే ఏస్తుండెనా?"

"లేదు డాడీ, ఆ కార్నర్ నాది."

అమ్మ పోయిన రోజు కూడా మా ముందు ఏడవని మనిషి, అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. మర్నాడు స్టిక్కర్‌ను కత్తితో గీకి తీసేశాడు.

జపాన్ అవ్వ ఆ చలికాలం దాటలేదు. షెడ్డు ఖాళీ చేసినవాళ్లు ఆ గిన్నెలు ఏం చేశారో తెలియదు.

ఇప్పుడు అదే చెక్క మీద నేనూ నా కూతురూ ముగ్గు వేస్తాం. ఆ మూల తేడాగా ఉందని అది ప్రతిసారీ ముఖం చిట్లిస్తుంది. ఆ మూల నాదని, మిగతాదంతా అమ్మమ్మదని ప్రతిసారీ చెబుతాను. ఇన్నేళ్లుగా వేస్తున్నా, అక్కడికి రాగానే నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. అమ్మ చెయ్యి అక్కడ ఎటు తిరిగేదో నాకు ఇప్పటికీ తెలియదు.