నాయన కాళ్లు, అమ్మ చేతులు

నా చిన్నప్పుడు నగరిలో మా వీధి చివరి మద్యం దుకాణానికి తాళం పడిన రోజున, అమ్మ పండగనాటిలా గడపకు పసుపు రాసింది. గెలిస్తే మద్యం మాన్పిస్తానన్న నాయకుడు గెలిచాడు, మాట నిలబెట్టుకున్నాడు. ఇక మా నాయన బాగుపడతాడని అమ్మ నమ్మింది.

వారం తిరగకముందే నాయన చేతులు వణకడం మొదలైంది. మగ్గం మీద పెళ్లిచీర సగంలో ఉంది. పోగులు తెగుతున్నాయి, అతకబోతే వేళ్లు నిలవవు. నూలు ఇచ్చిన షావుకారు చూసి, తెల్లారి వచ్చి మగ్గం మీది నిలువు పోగులు, పడుగంతా కోసుకుపోతానన్నాడు. అలా పడుగు కోయించుకున్న ఇంటికి మళ్లీ ఎవరూ నూలు ఇవ్వరు.

నాయన చొక్కా తొడుక్కున్నాడు. బస్సెక్కి సరిహద్దు దాటితే తమిళనాడులో మందు దొరుకుతుంది. "ఒక్క గుక్క పడితే చేతులు నిలబడతాయి" అని బస్సు డబ్బులకు తాతను బతిమాలాడు. అమ్మ గడపకు అడ్డంగా కూర్చుండిపోయింది.

తాత నాయన కాళ్ల వైపు చూశాడు. "కాళ్లు వణకతా ఉండాయా?"

"కాళ్లకేమి, బాగుండాయి."

"అయితే మగ్గం గుంటలో కాళ్లు పెట్టి పలకలు నువ్వు తొక్కు. చేతిపని పక్కన కూకోని కోడలు చేస్తాది."

మా ఇళ్లలో ఆడవాళ్లు కండెలు చుట్టేవారే గాని మగ్గం ముందు కూర్చునేవారు కాదు. అది అరిష్టమని మాకు చెప్పిందీ తాతే.

ఎదురింటాయన కిటికీలోంచి చూసి, "ఏమప్పా, పెండ్లాన్ని మగ్గం ముందర కూకోబెట్టినావే. రేపు సంగటి నువ్వు కెలకతావా?" అని ఎత్తిపొడిచాడు.

"కెలికినాక నీకూ ఒక ముద్ద పెడతాడులే, పో అబ్బా" అన్నాడు తాత.

నాయన పళ్లు బిగబట్టి, చెమటలు కారుతుంటే తొక్కాడు. ఏళ్లుగా చూస్తున్న పనే గనక అమ్మ పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె ఆడించింది, తెగిన పోగులు అతికింది. మర్నాడు షావుకారు వచ్చి, పెరిగిన చీరను వేళ్లతో తడిమి, పడుగు ముట్టకుండా వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు ఆ నిషేధం సడలింది. దుకాణం తెరుచుకుంది. నాయన తిరిగి అటే వెళ్లాడు, ఈసారి ఆయన్ను ఏ ఉపాయమూ ఆపలేదు. ఆయన పోయాక మగ్గం గుంటలోకి అమ్మ కాళ్లు కూడా దిగాయి. ఆ మగ్గమే మమ్మల్ని పెంచింది.

పత్రికలో పనిచేసిన ఇన్నేళ్లలో ప్రభుత్వ నిర్ణయాలు ఎన్నో వార్తలుగా రాశాను. ఇప్పటికీ ఏ నాయకుడు ఏ మార్పు ప్రకటించినా, ఆ మాట విన్న వెంటనే గడపకు పసుపు రాసే ఆడమనిషి గుర్తొస్తుంది. వారం తర్వాత ఆ ఇంటికి ఒకసారి వెళ్లి చూడాలనిపిస్తుంది.