బిర్యానీ పక్కన ట్యాబ్

2023లో, చాలా ఏళ్ళు ఒకే బీమా కంపెనీకి ఏజెంటుగా పనిచేశాక, సింగపూర్‌లో సొంత ఏజెన్సీ పెట్టాలనుకున్నాను. ‘సొంత’ అన్న మాటను కొంచెం ఉదారంగా వాడుతున్నాను. ఎంత సొంతమైనా ఏదో ఒక ఏజెన్సీ నెట్‌వర్క్ కిందే దుకాణం తెరవాలి. నెట్‌వర్క్ అంటే మనలాంటి చిన్నవాళ్ళకు రకరకాల కంపెనీల పాలసీలు అమ్మే వీలు, ఆఫీసు పని చూసే సిబ్బంది కల్పించి, కమిషన్‌లో వాటా పుచ్చుకునే సంస్థ. సంబంధాలు చూసినట్టే నెట్‌వర్కులూ చూడాలి. పెళ్ళిచూపుల్లో లాగే ఇక్కడా మొదటిరోజు అందరూ మంచివాళ్ళు.

అందరికంటే మంచివాళ్ళు మన తెలుగువాళ్ళే నడిపే ఒక నెట్‌వర్క్. దాని పెద్ద ప్రసాద్ గారు, గుంటూరు మనిషి. సెంబవాంగ్‌లో హాలు తీసుకుని క్లయింట్లకు విందు ఇస్తున్నామని, నా వాళ్ళనూ తీసుకురమ్మని పిలిచారు.

“ఊరికేనండీ. మనం మనం కలిసి భోంచేద్దాం.”

బీమా వ్యాపారంలో ఎవరైనా ‘ఊరికే’ అంటే, ఎందుకని అడగాలి. నేను బిర్యానీ హలాలేనా అని మాత్రం అడిగాను.

ఎందుకంటే నేను పిలవబోతున్నది చోవా చూ కాంగ్‌లో ఉండే హబీబ్ అంకుల్‌నీ నసీమ్ ఆంటీనీ. హైదరాబాద్ వాళ్ళు, నా మొదటి క్లయింట్లు. నా దగ్గర హాస్పిటల్ పాలసీ తీసుకున్న కొన్నేళ్ళకు అంకుల్ గుండెకు స్టెంట్ వేశారు. జబ్బు తర్వాత వచ్చింది కనుక ఆ పాలసీ దాని ఖర్చు మోస్తుంది. కొత్త పాలసీ తీసుకుంటే మాత్రం అది ప్రీ-ఎగ్జిస్టింగ్ కండిషన్, అంటే ముందునుంచీ ఉన్న జబ్బు. కొత్త కంపెనీ ఆయన ఒళ్ళంతటికీ బీమా ఇస్తుంది, గుండె ఒక్కటి మినహా.

విందులో ఆంటీకి రైతా తెద్దామని లేచి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి నా కుర్చీలో ప్రసాద్ గారు, అంకుల్ కంచం పక్కన ఒక ట్యాబ్.

“మీ వాడు మా దగ్గరికే వచ్చేస్తున్నాడు అంకుల్. మీ పాలసీ కూడా ఇటు మారిస్తే మంచి బోణీ. ఇక్కడ వేలితో గీయండి చాలు, పాతదాని సంగతి మేం చూసుకుంటాం.”

నేను వస్తున్న సంగతి నాకూ అప్పుడే తెలిసింది. అంకుల్ అప్పటికే వేలికంటిన మసాలాను శ్రద్ధగా టిష్యూతో తుడుచుకుంటున్నారు.

“ఏం సంతకం అంకుల్ అది?”

“నాకేమెరుక బేటా? నీ కొత్త ఆఫీసంట గదా. నీ కోసమే పెడ్తున్న.”

“చదివారా?”

“నువ్వున్నంక నేనెందుకు చదవాలె?”

ప్రసాద్ గారి వైపు తిరిగాను. “ఆయన ఆరోగ్యం గురించి అడిగారా?”

“అయ్యన్నీ కంపెనీ వాళ్ళు తర్వాత చూసుకుంటార్లెండి. భోజనాల దగ్గర జబ్బుల మాటెందుకండీ?”

సంతకాల మాటకు భోజనాల దగ్గర అభ్యంతరం ఉన్నట్టు లేదు.

“కొత్తది ఖాయమయ్యేదాకా పాతది ఉంటుందా?”

“రెండూ ఒకేసారి పెట్టేద్దామండీ. ఫాస్ట్‌గా అయిపోద్ది.”

అంటే కొత్తది ఖాయం కాకముందే పాతదాని సరెండర్. ఉన్న పాలసీని వదిలేయడం. వదిలేశాక అది మళ్ళీ రాదు. నోరారా అంకుల్ అని పిలుస్తూ, ఆ అంకుల్ గుండెనే బోణీ కింద అడుగుతున్నాడు ఈ పెద్దమనిషి! నా గొంతు ఎంత పైకి వెళ్ళిందో తెలియదు గానీ, పక్క బల్లవాళ్ళు తినడం ఆపారు.

“స్టెంట్ ఉన్న మనిషండీ ఆయన. రేపు మళ్ళీ గుండె పట్టుకుంటే ఈ కొత్త పాలసీ ఒక్క పైసా ఇవ్వదు. ఆ సంగతి చెప్పకుండా సంతకం ఎలా అడుగుతారు?”

అంకుల్ వేలు గాల్లోనే ఆగిపోయింది. నసీమ్ ఆంటీ ట్యాబ్‌ను మోచేత్తో పక్కకు నెట్టింది.

“ఇగో ప్రసాద్ భాయ్, దావత్‌కు పిలిచిన్రు, తిన్నం, షుక్రియా. ఆ పలక తీస్కపోండ్రి, రైతా పడ్తది.”

పోతూ పోతూ ప్రసాద్ గారు నాతో నెమ్మదిగా అన్నారు. “మీరు మరీ సెన్సిటివండీ. ఈ ఫీల్డులో పైకి రాలేరు.”

“ఇప్పటికే పదకొండో అంతస్తులో ఉంటున్నానండీ. చాలు.”

చివరికి బెడోక్‌లోని ఓ చిన్న నెట్‌వర్క్‌లో చేరాను. అక్కడి పెద్ద లిమ్ అనే చైనీస్ ఆవిడ, సింగపూర్ అలవాటు కొద్దీ మాట చివర ‘లా’ తగిలిస్తుంది. నేను అడిగింది ఒకటే: పాత క్లయింట్ల పాలసీలు మార్చనంటే ఏమంటారు?

“దెన్ డోంట్ చేంజ్, లా.”

“మొదటి ఏడాది నాకు వ్యాపారం ఉండదు మరి.”

“యూ హంగ్రీ, యువర్ ప్రాబ్లమ్. నాట్ దెయిర్ ప్రాబ్లమ్, లా.”

అంత కఠినమైన మాటతో నన్ను అంత సంతోషపెట్టినవాళ్ళు ఇంకొకరు లేరు.

నేను వచ్చేయగానే అంకుల్ పాలసీని పాత కంపెనీ మరో ఏజెంటుకు అప్పగించింది. ఇప్పుడు దానితో నాకే సంబంధమూ లేదు, దాన్ని కాపాడానన్న గర్వం తప్ప. కొత్తగా ఏజెన్సీ పెట్టేవాళ్ళు నన్ను కమిషన్ వాటాల గురించి, సాఫ్ట్‌వేర్ల గురించి అడుగుతుంటారు. అవన్నీ బ్రోషర్‌లో ఉంటాయి. నేను చెప్పేది వేరు. మన క్లయింట్లు చదవరు, మన మొహం చూసి వేలు పెడతారు. కాబట్టి మీరు రైతా కోసం లేచినప్పుడు మీ కుర్చీలో కూర్చునేది ఎలాంటి మనిషో చూసుకుని చేరండి.