విమానాలు మేపే తిప్పేస్వామి

"దిగేటప్పుడు బిడ్డ చెవుల్లోంచి రక్తమొస్తే ఏం చేసేది మామా?"

చైత్ర ఈ మాట అడిగినప్పుడు తిప్పేస్వామి మెడ వెనక్కి వాల్చి, కళ్లకు అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు. పైన పోతున్న విమానం కనుమరుగయ్యేదాకా ఆయన ఎవరికీ జవాబు చెప్పడని బలసముద్రంలో అందరికీ తెలుసు. అది తెల్లటి చుక్కై, ఆ చుక్కా కరిగిపోయాక చెయ్యి దించాడు.

"దినామూ నెత్తిమీద ఇన్ని పోతాండాయి. అన్నిట్లోనూ చంటిబిడ్డలుంటారు. రక్తం కారేదైతే ఎవురెక్కుతారు మ్మా?"

సరైన జవాబే. సరైనదని తెలిసినంత మాత్రాన చైత్ర భయం తగ్గలేదు. ఆమె పావగడ కాలేజీలో ఫిజిక్స్ తీసుకుని బీఎస్సీ చదివింది. రెక్క పైనా కిందా గాలి ఒత్తిడి ఎట్లా మారుతుందో, అంత బరువు గాల్లో ఎందుకు నిలుస్తుందో బొమ్మ గీసి చూపించగలదు. సోలార్ ప్లాంటు ఆఫీసులో ఆమె పని తెర ముందు కూర్చుని ఏ వరస పలకల్లో కరెంటు తగ్గిందో కనిపెట్టడం. ఎక్కడ ఏం చెడుతుందా అని రోజంతా వెతికే కళ్లు ఇంటికొచ్చాక బిడ్డ మీద పడతాయి. మేఘకు పది నెలలు. దగ్గితే భయం, దగ్గకుండా ఎక్కువసేపు నిద్రపోతే ఇంకా భయం.

భర్త యోగీశ్ కూడా సోలార్ మనిషే. కూతురి నామకరణం అయిన వారానికే కంపెనీ అతన్ని రాజస్థాన్ ప్లాంటుకు మార్చింది. ఇప్పుడు ఫోన్లో నాన్న మొహం కనపడితే మేఘ కొత్తవాణ్ణి చూసినట్టు చూసి, పెదవి వంచి ఏడుస్తుంది. యోగీశ్ నవ్వుతూనే ఫోన్ పెట్టేస్తాడు. ఆ నవ్వు ఎట్లాంటిదో చైత్రకు తెలుసు. రైలంటే రెండు మూడు రోజులు, బస్సెక్కితేనే బిడ్డ వాంతి చేసుకుంటుంది. మిగిలింది విమానం. ఆమె రెండుసార్లు టికెట్ తీసి, రెండుసార్లూ రద్దు చేసుకుంది. మూడోది వచ్చే ఆదివారానికి ఉంది. ఈసారి కూడా రాకపోతే ఇంక అడగనని యోగీశ్ మెల్లగా అన్నాడు. అరిచుంటే బాగుండేదని ఆమెకు అనిపించింది.

పగలు ఆమె ఆఫీసుకు పోతే మేఘను చూసుకునేది తిప్పేస్వామి భార్య ఓబమ్మ. అట్లా ఆయన విమానాల పిచ్చి చైత్రకు దగ్గరగా తెలిసింది.

తిప్పేస్వామి తాతలు ఊరూరూ తిరిగి గొర్రెలు మేపినవాళ్లు. ఆయన కాలానికి కొంత భూమి వచ్చింది, శెనక్కాయ వేశారు. సోలార్ పార్కు వచ్చాక ఆ భూమి కౌలుకు పోయి, శెనక్కాయ పండినచోట నీలిరంగు పలకలు వరసలు తీరాయి. కౌలు వస్తోంది కదా, ఇంట్లో కూర్చోమంటే ఆయన కాళ్లు వినలేదు. మళ్లీ ఓ మంద కట్టాడు. గొర్రెలు కిందికి చూస్తూ మేస్తుంటే ఆయన పైకి చూస్తూ నిలబడేవాడు.

విమానాల జాడ చూపించే యాప్‌ని ఆయన ఫోన్లో వేసిచ్చింది చైత్రే. ఆ రోజు నుంచి ఆకాశం ఆయనకు ఇంకో మంద అయింది. ఏది కొచ్చిన్ నుంచి ఢిల్లీకి పోతోందో, ఏది హైదరాబాద్ నుంచి బెంగళూరులో దిగబోతోందో చెప్పేవాడు. రోజూ వచ్చేది ఒకటి రాకపోతే తప్పిపోయిన గొర్రెపిల్ల కోసం చూసినట్టు అన్నం మీద కూడా ధ్యాస లేకుండా చూసేవాడు. అవి బలసముద్రం మీదికి రాగానే కాస్త వంగి తిరిగేది తమ పలకల తళుకు చూడ్డానికేనని ఆయన గట్టి నమ్మకం. అది గాల్లో గీసిన దారి మలుపని చైత్ర ఎన్నిసార్లు చెప్పినా, "నువ్వు సదివింది నిజమే, అయినా అవీ సూస్తాయి," అని ముగించేవాడు.

అప్పుడప్పుడు బస్సెక్కి దేవనహళ్లి పోయి, ఎయిర్‌పోర్టు కంచె అవతల రోడ్డు పక్కన కంబళి పరుచుకుని పొద్దుగుంకేదాకా కూర్చుని వచ్చేవాడు. చక్రాలు నేలను తాకగానే ఎట్లా పొగ లేస్తుందో, దుబాయ్ నుంచి వచ్చే రెండంతస్తుల విమానం వయసుమళ్లిన ఎద్దు పడుకున్నట్టు ఎంత నిదానంగా దిగుతుందో వారం రోజులు చెప్పుకునేవాడు. "గొర్రెల్ని నాకొదిలి ఇమానాలు మేపుకొచ్చినాడు," అని ఓబమ్మ ఎత్తిపొడిచేది. అంత ఇష్టమున్నవాడివి ఒక్కసారన్నా ఎక్కలేదేమని చైత్ర అడిగితే ఆయన ఆశ్చర్యపోయాడు. "గొర్రెలు మేపేటోడు గొర్రెనెక్కుతాడా మ్మా?"

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. కిందుగా ఏ విమానం పోయినా భుజం మీది కంబళి తీసి, తలపైన గుండ్రంగా తిప్పేవాడు. గొర్రెల కాపరులకు అది పాత సైగ. గుట్టమీద ఉన్నవాడు దూరపు మందవాడికి, ఈడ నీళ్లుండాయి, మందను తోలుకొని రా, అని చెప్పడం. విమానానికి నీళ్లతో పనేమిటని ఎవరైనా నవ్వితే తనూ నవ్వేవాడు.

ప్రయాణం ఇంకో మూడు రోజులుందనగా చైత్ర ఆఫీసు నుంచి ముందే బయలుదేరి మేఘ కోసం చేని దగ్గరికి పోయింది. పార్కు పలకల నడుమ కౌలుకు పోకుండా మిగిలిన పొడుగాటి బీడు అది. గొర్రెలు మధ్యలో మేస్తున్నాయి. గట్టు మీద వేపచెట్టు నీడలో ఓబమ్మ, ఆమె ఒళ్లో మేఘ. తిప్పేస్వామి అప్పటికే కంబళి తిప్పుతున్నాడు. తూర్పు నుంచి చిన్న విమానం వస్తోంది, ఎగరడం నేర్పే బడుల్లో వాడే రకం. అంత కిందుగా ఎప్పుడూ రాలేదని ఆయన మొహం పండగలా ఉంది. మేఘ కూడా చేతులు కొట్టి నవ్వుతోంది.

విమానం వాళ్ల వైపు తిరిగింది. నిజంగానే తిరిగింది. తిప్పేస్వామి ఇంకా జోరుగా తిప్పాడు.

అప్పుడు చైత్రకు తట్టింది, చప్పుడు లేదని. ఇంజను మోత లేదు. గాలి కోసుకొస్తున్న సన్నని సవ్వడి తప్ప ఏమీ లేదు. ముక్కు మీది ఫ్యాను రెక్క తిరక్కుండా కట్టెలాగా నిలిచిపోయి ఉంది. ఆమె నోరు తెరుచుకుని కదలకుండా నిలబడిపోయింది. మేఘ తల తిప్పి అమ్మ మొహంలోకి చూసింది. చూసి, అంతవరకూ నవ్వుతున్న బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది.

తిప్పేస్వామి చేతిలోని కంబళి జారిపోయింది. పరుగెత్తుతాడనుకుంది చైత్ర. ఆయన పరుగెత్తలేదు. రోజూ సాయంత్రం ఇంటికి మళ్లించినట్టే, దవడలు ఆడిస్తూ ఆకువక్క నములుతున్నవాడిలా, మంద ముందుకు నడిచి "హోయ్... త్రా... త్రా..." అన్నాడు. ముందుండే నల్లగొర్రె తలెత్తి ఆయన మొహం చూసింది. ఆయన నములుతూనే గట్టు వైపు తిరిగాడు. నల్లది కదిలింది. దాని వెనక మంద అంతా, తొందర లేకుండా, బారుగా కదిలి గట్టెక్కింది. అంత నిదానాన్ని చూసి చైత్రకు అరవాలనిపించింది.

చివరి గొర్రె గట్టు దాటిందో లేదో విమానం నేలను తాకింది. ఎగిరి మళ్లీ తాకింది. ఒక చక్రం ఊడి ఎటో దొర్లిపోయింది. ఎర్రటి దుమ్ము లేచి వేపచెట్టును ముంచేసింది. దుమ్ము అణిగేసరికి విమానం గట్టుకు ముక్కు ఆనించి, తోక పైకెత్తి నిలబడి ఉంది. తలుపు తెరుచుకుని ఒక అమ్మాయి దిగింది. పెదవి చిట్లింది, అంతే. ఇరవై ఏళ్లు కూడా ఉండవేమో.

ఓబమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. సగం తాగి, మొహం తుడుచుకుని ఆ అమ్మాయి కన్నడంలో అడిగిన మొదటి మాట, కంబళి ఊపిందెవరని. ఇంజను ఆగిపోయాక తను పార్కులోని తారురోడ్డు మీద దించాలనుకుందట. అంతలో ఎవరో గుడ్డ తిప్పడం కనిపించిందట. తెలిసినవాళ్లెవరో చోటు చూపిస్తున్నారనుకుని ఇటు తిరిగానని చెప్పింది.

చైత్ర తారురోడ్డు వైపు చూసింది. రోడ్డుకు అడ్డంగా కరెంటు తీగలు ఎండలో కనిపించీ కనిపించనట్టు వేలాడుతున్నాయి.

తిప్పేస్వామి ఆ అమ్మాయి మాట విని ఉన్నచోటనే కూలబడ్డాడు.

సాయంత్రానికి ఊరు ఊరంతా అక్కడే ఉంది. పోలీసులు వచ్చారు, ఫోన్లతో వీడియోలు తీసేవాళ్లు వచ్చారు. తిప్పేస్వామి ప్రాణం కాపాడాడని ఎవరో శాలువా కూడా తెచ్చారు. ఆయన దాన్ని కప్పించుకోలేదు. సబ్‌ఇన్‌స్పెక్టర్ మెచ్చుకోబోతే మధ్యలోనే ఆపి, అందరి ముందూ చెప్పాడు.

"నేను సరదాకి ఊపితి సార్. అది సెడిపోయి వస్తాందని నాకు తెల్దు. సూద్దామని వస్తాందనుకుంటి. ఆ పాప నన్ను నమ్మి వచ్చింది. ఆడ గొర్రెలుండె, ఈడ బిడ్డ ఉండె. ఏమన్నా అయ్యింటే పిలిచినోణ్ణి నేనే కదా."

ఓబమ్మ ఈసారి ఎత్తిపొడవలేదు. శాలువా తెచ్చినాయన దాన్ని మడిచి చంకలో పెట్టుకున్నాడు. ఆ రోజు తర్వాత తిప్పేస్వామి ఏ విమానానికీ కంబళి ఊపలేదు.

మర్నాడు పొద్దున బిడ్డను దింపుతూ చైత్ర, టికెట్ రద్దు చేసుకుంటానని చెప్పింది. నిన్న చూసిన తర్వాత ఇంక తనవల్ల కాదంది. తిప్పేస్వామి గొర్రెల దొడ్డి తడిక తీయబోయి ఆగాడు.

"నిన్న బిడ్డ ఇమానాన్ని సూసి ఏడ్వలేదు మ్మా. దాన్ని సూసి నవ్వతా ఉండె. నిన్ను సూసి ఏడ్చింది."

చైత్రకు కోపం వచ్చింది. అందరూ నీలాగా గుండె రాయి చేసుకుని ఆకువక్క నములుతూ నడవలేరు మామా, అనేసింది.

ఆయన ఆమె వైపు తిరిగాడు. "ఆకు యాడిది? నిన్న పొద్దున్నే అయిపోయిండె. నా నోట్లో ఏమీ లేదు."

ఆమెకు అర్థం కాలేదు. ఆయన చెయ్యి చాచి చూపించాడు. రాత్రి గడిచినా ఆ వేళ్లు ఇంకా సన్నగా వణుకుతున్నాయి. నిన్న ఆ చేతుల్ని కంబళి జారిపోయిన తర్వాత ఆమె చూడనేలేదు. అంతసేపూ దవడనే చూసింది, గొర్రెల్లాగే.

మందకు ఆకాశం తెలియదని ఆయన చెప్పాడు. ఉరుమొచ్చినా, తోడేలు వాసనొచ్చినా నల్లది కాపరి మొహం చూస్తుంది, మిగతావి నల్లదాన్ని చూస్తాయి. కాపరి నములుతుంటే ఏమీ లేదని వాటి లెక్క. వాడు పరుగెత్తితే గుంపు కట్టి, ఉన్నచోటనే ఇరుక్కుని చస్తాయి. అందుకని వాళ్ల నాన్న నేర్పిన మొదటి పని కర్ర పట్టడం కాదు, భయమేసినప్పుడు నమలడం. నిన్న తన పంచె తడిసిందని, అది ఓబమ్మకు తప్ప ఎవరికీ తెలియదని కూడా చెప్పాడు. చైత్ర టికెట్ రద్దు చేయలేదు.

ఆదివారం ఆమె విమానమెక్కింది. బిడ్డ చెవులకు మంచిదని పైకి లేచేటప్పుడూ దిగేటప్పుడూ పాలు పట్టింది. మింగుతుంటే చెవి లోపలి ఒత్తిడి సర్దుకుంటుందని చదువుకున్నదే. జోధ్‌పూర్ దగ్గర దిగబోతుండగా వేడిగాలికి విమానం ఒక్కసారి కిందికి జారింది. వెనక ఎవరో దేవుణ్ణి తలుచుకున్నారు. మేఘ పాలు వదిలేసి అమ్మ మొహంలోకి చూసింది. ఓబమ్మ కట్టిచ్చిన వేయించిన శెనక్కాయలు పైన సంచిలో ఉన్నాయి. అందుకునే వీలు లేదు. చైత్ర ఖాళీ నోటితో నమలడం మొదలుపెట్టింది. బిడ్డ కాసేపు ఆ దవడను చూసింది. తర్వాత మళ్లీ పాలు అందుకుంది.

బయట యోగీశ్ చేతులు చాచి నిలబడి ఉన్నాడు. మేఘ అతన్ని చూసి, వెంటనే తల తిప్పి తల్లిని చూసింది. చైత్ర నములుతూనే ఉంది. బిడ్డ నాన్న చేతుల్లోకి పోయింది.

ఇప్పుడు మేఘకు జ్వరమొచ్చినా, మెట్ల మీదినుంచి పడినా, చైత్ర పరుగెత్తబోయి ఒక్క క్షణం ఆగుతుంది. దొడ్డి తడిక దగ్గర వణికే చేతులతో నిలబడి ఆయన చెప్పిన మాట తలుచుకుని, దవడ ఆడిస్తుంది:

"బిడ్డకు ఆకాశం తెల్దు మ్మా, నీ మొహమే తెల్సు. నోట్లో ఏమీ లేకపోయినా నములు."