రసూల్ బీ టంకం

వన్ టౌన్‌లో రసూల్ బీ పెట్టిన టంకానికి తిరుగులేదు. ఈ మాట 1979లో అని ఉంటే లారీవాళ్ళు పగలబడి నవ్వేవారు. భర్త మొహియుద్దీన్‌కి చూపు ఆనక, లారీ రేడియేటర్లకి టంకం పెట్టే కొట్టులో ఆవిడ పీట వేసుకుని కూర్చున్న ఏడాది అది. పదిహేనేళ్ళు పక్కనుండి అన్నీ అందించిన మనిషికి పని రాదా? భేషుగ్గా వచ్చు. కానీ ఆడమనిషి అతికిన రేడియేటర్ని నమ్మి లోడెత్తే మొనగాడేడీ?

పెందుర్తి సన్యాసిరాజు ఒక్కడు నమ్మి, తన లారీ రేడియేటర్‌కి టంకం పెట్టించుకున్నాడు. తీరా దసరా వెళ్ళిన మూడోనాడు లారీ తెచ్చి కొట్టు ముందు ఆపి, వీధంతా వినేలా లంకించుకున్నాడు.

"ఏటి బీబీ, అనంతగిరి ఘాటీ సగం ఎక్కనేదు, నీళ్ళు సలసలా మరిగిపోనాయి! నీ టంకాన్ని నమ్మడం నాదే బుద్ధితక్కువ!"

జనం మూగారు. ఈ నింద నిలిచిపోతే తన కొట్టు గడప ఇంకెవరూ తొక్కరని ఆవిడకి తెలుసు. అందుకే ఆవిడా గొంతు తగ్గించలేదు.

"టంకం ఊడితే నీళ్ళు కారాల గదా. ఎక్కడ కారినాయో సూపించండి రాజుగారూ!"

ఎక్కడా చుక్క తడి లేదు. లారీ ముందున్న జాలీ విప్పి చూసి ఆవిడ నెత్తి కొట్టుకుంది. ఆయుధపూజకి లారీని ముస్తాబు చేస్తూ ఈ మహానుభావుడు రేడియేటర్‌కి కూడా రెండు పూతలు వెండిరంగు దిట్టంగా పులిమేశాడు! రేకుల సందులు పూడిపోయాయి. ఆ పచ్చిరంగు మీద పోర్టులో ఎగిరే ఖనిజం ధూళి అట్టకట్టింది. గాలి దూరకపోతే నీళ్ళు చల్లబడేదెలా?

"పూజ సేసి దాని ముక్కు మూసేసినారు. ఇంక ఊపిరెలా తీత్తది?"

సన్యాసిరాజు ఒప్పుకుంటేగా! "సాకులు సెప్పకు. టంకమే పాడు."

రసూల్ బీకి ఒళ్ళు మండింది. "రంగు ఒలిచి ఇత్తాను. అదే లోడెత్తండి, మేమూ వత్తాం. ఘాటీలో మరిగిందా, కొట్టు మూసేత్తాను!"

రేడియేటర్ని విప్పి, రెండు రోజులు రంగు ఊడగొట్టే కాస్టిక్ సోడా నీళ్ళలో నానబెట్టి, ప్రతి సందూ కుంచెతో తోమింది. టంకం జోలికి మాత్రం పోలేదు. మూడోరోజు పొద్దున్నే భర్తని వెంటబెట్టుకుని లారీ ఎక్కింది.

ఘాటీలో బండి మూలుగుతూ మలుపు మీద మలుపు ఎక్కుతుంటే ఆవిడ కళ్ళు వేడి చూపే మీటరు మీదే. ముల్లు ఎర్రగీత దరిదాపులకి పోలేదు. కొండపైన టీకొట్టు ముందు లారీ ఆగింది. సన్యాసిరాజు దిగి, మూత విప్పి నీళ్ళు చూసుకున్నాడు.

తర్వాత టీకొట్టువాడిని కేకేశాడు. "ముందు మా మేస్త్రీకి ఇయ్యరా!"

వాడు గ్లాసు తీసుకెళ్ళి మొహియుద్దీన్ చేతికి అందించబోయాడు. మొహియుద్దీన్ పుచ్చుకోకుండా గర్వంగా నవ్వాడు.

రసూల్ బీ చెయ్యి చాచింది.

"ఇటియ్యి నాయనా. మేస్త్రీని నానే."